మావిడాకులా? మా విడాకులా?

మాటని ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి? లిటిల్ ఇండియా వీధి బోర్డుల దగ్గర్నుంచి సైటులో వాకీటాకీ దాకా... మనకి పనికొచ్చే సంగతులు

సింగపూర్, లిటిల్ ఇండియా:

తెలుగు పేపర్లో సన్నటి కాలమ్ చదివేటప్పుడు ఒక్కోసారి తమాషా జరుగుతుంది. వరుస నిండిపోతే మాట అక్కడికక్కడే విరిగి, మిగతా ముక్క కింది వరుసలోకి దిగుతుంది. పెళ్లి పందిరి గురించి రాసిన వార్తలో పై వరుస ‘మా’ దగ్గర ఆగి, కింది వరుస ‘విడాకులు’ అని మొదలైందనుకోండి. గుమ్మానికి కట్టే మావిడాకులు కాస్తా కోర్టు మెట్లెక్కే విడాకులైపోతాయి! ఈ మాట మీద మన ఊళ్లలో జోకులకి కొదవలేదు. 1998లో ఇదే పేరుతో సినిమా కూడా వచ్చింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ పరాయి దేశంలో పరాయి భాష వింటూ పని చేసుకునే మనకి ఇది వట్టి నవ్వులాట కాదు. రెండు మాటలు కలిసి ఒకటైనప్పుడు ఆ అతుకు ఎక్కడుందో, బరువు ఏ ముక్క మీద పడిందో పట్టుకోలేకపోతే చెప్పింది ఒకటి, విన్నది ఇంకొకటి అవుతుంది. కొట్లో అయితే పది డాలర్లతో పోతుంది. క్రేన్ కింద నిలబడ్డప్పుడు అయితే మనిషే పోవచ్చు.

సింగపూర్ నిర్మాణ పనుల్లో నాకు పదేళ్లు దాటింది. చదివింది పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా. భాషా పండితుణ్ణి కాను. కాకపోతే పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగులో తెలుగు, తమిళం, బెంగాలీ, చైనా, బర్మా వాళ్లందరికీ ఒకే మాట అర్థమయ్యేలా చెప్పాల్సిన ఉద్యోగం. ఆదివారం లిటిల్ ఇండియాలో తిరిగితే నాలుగు భాషల బోర్డులు. ఈ రెండు చోట్లా చెవి పెట్టి విన్నదే ఇక్కడ రాస్తున్నా.

అతుకు ఒక్కటే, గుర్తులే వేరు

టెక్కా మార్కెట్‌లో కూరగాయలు కొంటాం కదా. ‘కూర’, ‘కాయ’ కలిస్తే ‘కూరకాయ’ కావాలి. మనం ‘కూరగాయ’ అంటాం. ‘తల్లి’, ‘తండ్రి’ కలిస్తే ‘తల్లిదండ్రులు’. ‘అన్న’, ‘తమ్ముడు’ కలిస్తే ‘అన్నదమ్ములు’. రెండో మాట మొదట్లో ఉన్న గట్టి అక్షరం మెత్తబడింది. కచటతపలు పోయి గసడదవలు వచ్చాయి. హైస్కూల్లో తెలుగు మాస్టారు ‘గసడదవాదేశ సంధి’ అని బట్టీ పట్టించింది ఇదే. అలా మెత్తబడిందంటే ఆ రెండు మాటలూ ఇక విడివిడి కాదు, ఒకే ఇంటివి అయిపోయాయని గుర్తు.

తమిళం వాళ్లు ఇదే పని తిరగేసి చేస్తారు. సెరంగూన్ రోడ్డు మీద నగల కొట్లు చూడండి. ‘నగై’ అంటే నగ, ‘కడై’ అంటే కొట్టు. కలిపితే ‘నగైక్కడై’. మనం మెత్తబరిచిన చోట వాళ్లు ఒత్తు పెట్టి గట్టిపరిచారు. ‘టీక్కడై’ కూడా అంతే. పక్కపక్క భాషలే, ఇద్దరం ద్రావిడులమే, అతుకు వేసే పద్ధతి మాత్రం ఎవరిది వాళ్లదే.

ఇంగ్లిషు ఈ రెండూ చేయదు. అక్షరం మారదు, ఒత్తు రాదు. రెండు మాటలూ ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. మరి కలిశాయని గుర్తేమిటి? నొక్కు. పుస్తకాల్లో ఊనిక అంటారు. ఏ ముక్కని గట్టిగా, కాస్త సాగదీసి పలికారన్నదే అక్కడ గుర్తు. ‘గ్రీన్‌హౌస్’ అన్నప్పుడు ‘గ్రీన్’ మీద నొక్కితే మొక్కలు పెంచే అద్దాల ఇల్లు. ‘హౌస్’ మీద నొక్కితే పచ్చరంగు వేసిన మామూలు ఇల్లు. అక్షరాలు అవే, అర్థం వేరు.

మన చెవికి ఇది అలవాటు లేదు. తెలుగులో అర్థం మార్చేది దీర్ఘం, ఒత్తు. ‘కల’ వేరు, ‘కాల’ వేరు, ‘కల్ల’ వేరు. ఏ అక్షరాన్ని గట్టిగా అన్నా ‘కూరగాయ’ కూరగాయే. అందుకే ఇంగ్లిషు మాట వింటున్నప్పుడు మనం అక్షరాలు ఏరుకుంటాం, నొక్కుని వదిలేస్తాం. అక్కడే వస్తుంది తంటా.

స్ట్రీటైతే ముందు, రోడ్డైతే చివర

ఇంగ్లిషు జంట మాటల్లో నొక్కు సాధారణంగా మొదటి ముక్క మీద పడుతుంది. టూల్‌బాక్స్‌లో ‘టూల్’ మీద. హ్యాండ్‌రైల్‌లో ‘హ్యాండ్’ మీద. లైఫ్‌లైన్‌లో ‘లైఫ్’ మీద. మరి వీధుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఓ విచిత్రం ఉంది. ‘స్ట్రీట్’ అని ఉంటే నొక్కు ముందున్న పేరు మీద పడుతుంది. ‘రోడ్’, ‘లేన్’, ‘అవెన్యూ’ అని ఉంటే నొక్కు చివరి మాట మీదికి పోతుంది. ఎందుకంటే ఇంగ్లిషు వాళ్లు కూడా ‘మా అలవాటు అంతే’ అంటారు తప్ప పెద్దగా కారణం చెప్పలేరు.

లిటిల్ ఇండియాలో నడుస్తూ ఈ లెక్క సరిచూసుకోవచ్చు. డన్‌లప్ స్ట్రీట్, క్లైవ్ స్ట్రీట్, మేయో స్ట్రీట్... వీటిలో పేరు మీద నొక్కు. సెరంగూన్ రోడ్, బఫెలో రోడ్, డెస్కర్ రోడ్, సయ్యద్ ఆల్వీ రోడ్, క్యాంబెల్ లేన్... వీటిలో చివర నొక్కు. రేస్‌కోర్స్ రోడ్‌లో అయితే రెండు అంతస్తులున్నాయి. ‘రేస్‌కోర్స్’ ఒక్కటే అయితే ‘రేస్’ మీద నొక్కు. దానికి ‘రోడ్’ తగిలించగానే పెద్ద నొక్కు రోడ్డు మీదికి వెళ్లిపోతుంది. ఒకప్పుడు ఇక్కడ నిజంగానే గుర్రప్పందేలు జరిగేవి. 1933లో ఆ మైదానాన్ని బుకిట్ తిమాకి మార్చారు. గుర్రాలు వెళ్లిపోయాయి, పేరు మిగిలింది.

ఇదంతా లండన్ ఇంగ్లిషు లెక్క. సింగపూర్ వాళ్ల ఇంగ్లిషు వేరు. ఇక్కడి టాక్సీ అంకుల్ ప్రతి అక్షరానికీ దాదాపు సమానంగా టైం ఇస్తాడు, చివరి అక్షరాన్ని కాస్త సాగదీస్తాడు. చైనా భాష, మలయ్, తమిళం మాట్లాడే నోళ్లలో నలిగిన ఇంగ్లిషు అది. నిజం చెప్పాలంటే మన చెవికి అదే సుఖం. మనమూ అలాగే మాట్లాడతాం. కానీ సైటుకి బ్రిటన్ నుంచో ఆస్ట్రేలియా నుంచో ఇంజినీరు వస్తే ఆయన అర్థాన్ని నొక్కులో పెట్టి చెబుతాడు. విన్న నలుగురూ నొక్కుని వదిలేసి అక్షరాలు పట్టుకుంటారు.

‘కొండ ఎరుపు’ అనే ఊరు

లిటిల్ ఇండియాలో బఫెలో రోడ్, కెర్బావ్ రోడ్ అని రెండున్నాయి, దగ్గర దగ్గరే. మలయ్ భాషలో ‘కెర్బావ్’ అంటే గేదె. రెండు రోడ్ల పేరూ ఒకటే, భాష వేరు! పూర్వం ఇది పశువుల వ్యాపారం జరిగిన పేట. మార్కెట్టుని ‘కండాంగ్ కెర్బావ్’ అనేవారు. ‘కండాంగ్’ అంటే దొడ్డి, కెర్బావ్ అంటే గేదె. మనం ‘గేదెల దొడ్డి’ అంటాం, వాళ్లు ‘దొడ్డి గేదె’ అంటారు. అందరూ కేకే ఆస్పత్రి అని పిలిచే ఆడవాళ్ల, పిల్లల ఆస్పత్రి పేరులో రెండు ‘కే’లు ఈ దొడ్డివే.

ఇక్కడ అసలు విషయం గమనించండి. తెలుగు, ఇంగ్లిషు జంట మాటల్లో అసలు వస్తువు చివర ఉంటుంది, దాని వివరం ముందుంటుంది. తాటిచెట్టు అంటే చెట్టు, వాటర్ ట్యాంక్ అంటే ట్యాంకు. మలయ్‌లో తలకిందులు. అసలు వస్తువు ముందు, వివరం తర్వాత. ‘జలాన్ బెసార్’ అంటే ‘రోడ్డు పెద్ద’. మన పెద్దరోడ్డు అన్నమాట. ‘బుకిట్ మేరా’ అంటే ‘కొండ ఎరుపు’. మన ఎర్రకొండ.

దీనివల్ల వచ్చే చిక్కు చూడండి. బుకిట్ మేరా, బుకిట్ బాతోక్, బుకిట్ పంజాంగ్, బుకిట్ తిమా. నాలుగు ఊళ్లూ ‘కొండ’ అనే మొదలవుతాయి. అలాగే పసిర్ రిస్, పసిర్ పంజాంగ్. పసిర్ అంటే ఇసుక. ఒకటి తూర్పు చివర, ఇంకొకటి నైరుతి వైపు. ఇంగ్లిషు అలవాటుతో మొదటి ముక్క గట్టిగా అని రెండోది మింగేస్తే వినేవాడికి చేరింది వట్టి ‘కొండ’ లేదా ‘ఇసుక’. ఏ కొండో, ఏ ఇసుకో చెప్పే ముక్క గాలికి పోయింది.

ఎవరికైనా దెబ్బ తగిలి అంబులెన్సు కోసం 995 కొట్టినప్పుడు ఇది ప్రాణం మీది విషయం. గాభరాలో మాట తడబడుతుంది, వెనక మిషన్ల మోత. అందుకే మలయ్ పేరుల్లో రెండో ముక్కని నిదానంగా, గట్టిగా చెప్పాలి. ఇంకా మంచి పని, పోస్టల్ కోడ్ చెప్పడం. 1995 నుంచి సింగపూర్‌లో పోస్టల్ కోడ్ ఆరంకెలది. మామూలుగా ఒక్కో బిల్డింగుకి ఒక్కో కోడ్. మీ డార్మిటరీది, సైటుది రెండూ ఫోన్లో రాసి పెట్టుకోండి. ఆరంకెల్నీ ఒక్కొక్కటిగా చెప్పండి. అంకెకి అతుకు ఉండదు, విరుపూ ఉండదు.

టెక్కా పేరు కథ కూడా చెప్పుకోవాలి. ‘టెక్’ అంటే వెదురు, ‘ఖా’ అంటే పాదం. చైనావాళ్ల హొక్కియెన్ యాసలో ‘టెక్ ఖా’ అంటే వెదుళ్ల మొదలు. 1980లలో కొత్త మార్కెట్ కట్టినప్పుడు అవే చైనా అక్షరాల్ని మాండరిన్ పద్ధతిలో చదివి ‘జూజ్యావ్ సెంటర్’ అని పెట్టారు. తమిళులకి, మలయ్ వాళ్లకే కాదు, హొక్కియెన్ వాళ్లకి కూడా ఆ పేరు నోటికి ఎక్కలేదు. చివరికి 2000లో మళ్లీ ‘టెక్కా సెంటర్’ చేశారు. రాత ఏదైనా జనం నోట్లో ఇమిడిన విరుపే నిలబడుతుందని దీన్ని బట్టి తెలుస్తుంది.

డచ్చివాళ్ల పొడుగు మాటలు

ఈ అతుకుల గొడవ బాగా ముదిరిన భాష డచ్చి. నెదర్లాండ్స్ వాళ్లది. సముద్రాన్ని పూడ్చి, గట్లు కట్టి నేల తయారుచేయడంలో వాళ్లది అందెవేసిన చెయ్యి. సింగపూర్‌లో కూడా పులావ్ టెకోంగ్ దీవిలో మొదటి ‘పోల్డర్’ కడుతున్నట్టు 2016లో ప్రకటించారు. పోల్డర్ అంటే చుట్టూ గట్టు కట్టి, నీళ్లు తోడి, సముద్రమట్టం కన్నా పల్లంలో తయారుచేసే నేల. ఆ మాటే డచ్చి మాట. ఆ దేశపు ఇంజినీరు ఒకాయన కొన్నాళ్లు మా సైటుకి వచ్చి పోతుండేవాడు. టీ తాగేటప్పుడు ఆయన చెప్పినవి వింటే నాకు మన సమాసాలు గుర్తొచ్చాయి.

డచ్చిలో జంట మాటల్ని విడగొట్టి రాయరు. ఎన్ని కలిసినా ఒకే మాట. సేఫ్టీ హెల్మెట్‌ని వాళ్లు ‘వెయిలిఖ్‌హెయిడ్స్‌హెల్మ్’ అంటారు. ‘వెయిలిఖ్‌హెయిడ్’ అంటే భద్రత, ‘హెల్మ్’ అంటే టోపీ. మధ్యలో ఉన్న ‘స్’ దేనిదీ కాదు. రెండింటినీ అతికించడానికి వేసిన జిగురు. మన ‘వెండిగిన్నె’లో జిగురు అక్కర్లేదు. ‘చెరువుగట్టు’కీ అక్కర్లేదు. ‘ఇంటిపేరు’లో మాత్రం ఇల్లు కాస్తా ‘ఇంటి’ అయింది చూశారా, కొంచెం అలాంటిదే.

నొక్కు ఎప్పుడూ దాదాపు మొదటి ముక్క మీదే. క్రేన్‌ని ‘హెయిస్‌క్రాన్’ అంటారు. ‘హెయిస్’ అంటే పైకెత్తడం, నొక్కు దాని మీద. తమాషా ఏంటంటే వట్టి ‘క్రాన్’ అంటే వాళ్ల భాషలో క్రేనూ అవుతుంది, నీళ్ల కొళాయీ అవుతుంది. ఇండొనేసియా వాళ్లు కొళాయిని ‘కెరాన్’ అంటారే, అది ఇక్కణ్నుంచి వెళ్లిందే. ఏ క్రానో తేల్చి చెప్పేది ముందు ముక్క. అందుకే బరువంతా దాని మీద.

వరుస చివర మాటని విరవాల్సి వస్తే డచ్చివాళ్లకి గట్టి నియమం ఉంది. ముందు అతుకు దగ్గర విరవాలి, ఆ తర్వాతే అక్షరాల లెక్క. జిగురు ‘స్’ మొదటి ముక్కతోనే ఉండాలి. ఈ నియమం తప్పితే ఏమవుతుందో ఆయన ‘క్వార్ట్స్‌లాఖెన్’ అనే మాటతో చూపించాడు. ‘క్వార్ట్’ దగ్గర విరిస్తే ‘పావు తిప్పులు’. అంటే బోల్టునో, వాల్వునో పావు చుట్టు తిప్పడం. ‘క్వార్ట్స్’ దగ్గర విరిస్తే ‘పలుగురాతి పొరలు’! ఒక్క ‘స్’ ఇటు నుంచి అటు జరిగితే వాల్వు కాస్తా రాయి అయింది. నొక్కు రెండింట్లోనూ మొదటి ముక్క మీదే, కాబట్టి అదీ కాపాడదు. విరుపొక్కటే దారి.

ఇంకొకటి ‘ఫల్‌కౌల్’. ‘ఫల్’ అంటే పడటం, ‘కౌల్’ అంటే గొయ్యి. తెలియక పడిపోయే గొయ్యి అన్నమాట. అదే ‘ఫల్క్’ దగ్గర విరిస్తే డేగ, మిగిలిన ‘ఔల్’ గుడ్లగూబ. అచ్చంగా మన మావిడాకులే! గోతి దగ్గర హెచ్చరిక బోర్డు పెడితే డేగ, గుడ్లగూబ కనిపించడం ఎంత పని చేస్తుందో ఆలోచించండి.

సేఫ్టీ వాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట ఇంకొకటుంది. ‘వోర్‌కోమెన్’. ఇది క్రియ. ‘వోర్’ మీద నొక్కితే ‘జరగడం’ అని అర్థం. ‘కో’ మీద నొక్కితే ‘జరక్కుండా ఆపడం’. ప్రమాదం జరుగుతుందా, ఆపుతామా అన్నది ఒక్క నొక్కు మీద ఉంది! అనుమానం వచ్చే చోట డచ్చివాళ్లు ఆ అచ్చు మీద చిన్న గీత గీసి ఎక్కడ నొక్కాలో చూపిస్తారు.

మన కక్కూసు వాళ్ల మాటే

డచ్చివాళ్లు మనకి కొత్తవాళ్లేం కాదు. 1605లోనే మచిలీపట్నంలో వ్యాపారానికి దిగారు. పాలకొల్లు, భీమునిపట్నంలోనూ వాళ్ల స్థావరాలుండేవి. భీమిలిలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఇటువైపు 1641లో పోర్చుగీసు వాళ్ల నుంచి మలక్కా గెలుచుకున్నారు. 1824లో ఇంగ్లిషు వాళ్లతో ఒప్పందం చేసుకుని మలక్కాని, మన దేశంలోని స్థావరాల్ని వదులుకున్నారు. సింగపూర్ మీద ఇంగ్లిషు వాళ్లతో ఉన్న పేచీ కూడా ఆ ఒప్పందంతోనే ముగిసింది.

వాళ్లు వదిలి వెళ్లిన మాటల్లో ఒకటి మన పెద్దవాళ్ల నోట్లో ఇంకా ఉంది. ‘కక్కూసు’! తమిళంలో కక్కూస్, ఇండొనేసియాలో కకుస్. అసలు మాట డచ్చి ‘కాక్‌హౌస్’. ‘కాక్’ అంటే మలం, ‘హౌస్’ అంటే ఇల్లు. నొక్కు మొదటి ముక్క మీద కాబట్టి ‘కక్’ గట్టిగా నిలబడింది. నొక్కు లేని ‘హౌస్’ అరిగి అరిగి ‘ఊసు’ అయింది. మనం ఆ ‘హ’ని మింగేసి, ఒత్తు పెట్టి ‘కక్-కూ-సు’ అని మన పద్ధతిలో విరుచుకున్నాం. అందులో ఇల్లు ఒకటుందని ఇప్పుడు ఎవరికీ తెలీదు. తువ్వాలుని ఇండొనేసియా వాళ్లు ‘హందుక్’ అంటారు. అదీ ఇంతే. ‘హాండ్’ అంటే చెయ్యి, ‘డూక్’ అంటే గుడ్డ.

అదే ‘హౌస్’ ఇంకో మాటలో చెక్కుచెదరకుండా ఉంది. మలక్కా వెళ్లినవాళ్లు ఎర్రరంగు వేసిన ‘స్టాట్‌హౌస్’ భవనం చూసే ఉంటారు. 1650 ప్రాంతంలో కట్టిన డచ్చివాళ్ల నగర కచేరీ. ‘స్టాట్’ అంటే పట్నం. ఈ మాట వాళ్ల నియమానికి ఎదురు నడుస్తుంది. నొక్కు రెండో ముక్క మీద, అంటే ‘హౌస్’ మీద పడుతుంది. ఒక మాటలో ఇల్లు నొక్కు లేక కూలిపోయింది, ఇంకో మాటలో నొక్కు ఉండి నిలబడింది. సైటు భాషలో చెప్పాలంటే నొక్కు అనేది మాటకి పిల్లర్ లాంటిది. పిల్లర్ ఉన్న గదే నిలుస్తుంది.

పదిహేనా, యాభయ్యా?

ఇక మన రోజువారీ పని దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ప్రమాదమైన జంట మాటలు అంకెలు. ‘ఫిఫ్టీన్’ అంటే ఐదు, పది కలిసిన మాట. ‘ఫిఫ్టీ’ అంటే ఐదు పదులు. రెండూ ‘ఫిఫ్’ అనే మొదలవుతాయి. ఇంగ్లిషు వాళ్లు ఫిఫ్టీన్‌లో చివర నొక్కుతారు, ఫిఫ్టీలో మొదట నొక్కుతారు. వాకీటాకీలో చివరి ‘న్’ వినపడదు. నొక్కు పట్టుకునే అలవాటు మనకి లేదు. మిగిలింది ఏముంది?

తెలుగులో ఈ బాధ లేదు. ‘పదిహేను’ పదితో మొదలవుతుంది, ‘యాభై’ యాతో మొదలవుతుంది. మొదటి అక్షరంతోనే తేలిపోతుంది. ‘పదమూడు’, ‘ముప్పై’ కూడా అంతే. అందుకే మన చెవి అంకె మొదలు వినగానే నిశ్చింతగా ఉంటుంది. ఇంగ్లిషులో అసలు తేడా చివర్న ఉంటుంది.

ఒకసారి పదిహేను బస్తాల గ్రౌట్ కావాలని వాకీటాకీలో చెబితే స్టోరు నుంచి యాభై వచ్చాయి. తిరిగి మోయించాం, గంట పోయింది, అంతే. కానీ అది బస్తాలు కాక లిఫ్టు చేసే బరువో, అంతస్తు నంబరో అయితే? అప్పట్నుంచి మా గ్యాంగులో రూలు ఒకటే. ‘వన్ ఫైవ్, ఫిఫ్టీన్’. ‘ఫైవ్ జీరో, ఫిఫ్టీ’. విడి అంకెలు ముందు, కలిపిన మాట తర్వాత. విన్నవాడు తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పనిదే పని మొదలవదు.

రెండోది ‘దేనితో చేసింది’, ‘దేనికోసం ఉంది’ అన్న తేడా. ఇంగ్లిషులో ‘ప్లాస్టిక్ బిన్’ అన్నప్పుడు ‘ప్లాస్టిక్’ మీద నొక్కితే ప్లాస్టిక్ చెత్త వేసే డబ్బా. ‘బిన్’ మీద నొక్కితే ప్లాస్టిక్‌తో చేసిన డబ్బా. ‘స్టీల్ డోర్’లో నొక్కు డోర్ మీద, ఎందుకంటే తలుపు స్టీలుతో చేసింది. ‘వాటర్ ట్యాంక్’లో నొక్కు వాటర్ మీద, ఎందుకంటే ట్యాంకు నీళ్ల కోసం. అన్ని మాటలకీ సరిపోదు గానీ చాలావాటికి ఈ లెక్క పనిచేస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన ఓ తమ్ముడు, ఇంజినీరు ‘ప్లాస్టిక్ బిన్’ అంటే చెక్కముక్కలన్నీ దగ్గర్లో ఉన్న నీలం ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు. ఆయన అడిగింది ప్లాస్టిక్ చెత్త ఏరి దాని డబ్బాలో వేయమని. తెలుగులో అయితే ‘ప్లాస్టిక్ చెత్త డబ్బా’, ‘ప్లాస్టిక్ డబ్బా’ అని మాట పెంచి చెబుతాం. ఇంగ్లిషు వాళ్లు మాట పెంచరు, నొక్కుతారు. అనుమానం వస్తే ‘బిన్ ఫర్ ప్లాస్టిక్?’ అని అడిగేస్తే సరి. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు. చూసినా ఫర్వాలేదు.

మన పేరే మనకి తెలియనట్టు

చివరిగా, మన పేర్లు. వెంకటేశ్వరరావు అనే పేరులో మూడు మాటలున్నాయి. వెంకట, ఈశ్వర, రావు. ‘వెంకట’లోని ‘అ’, ‘ఈశ్వర’లోని ‘ఈ’ కలిసి ‘ఏ’ అయిపోయాయి. గుణసంధి. అతుకు సరిగ్గా అచ్చు లోపలికి పోయింది, బయటికి కనపడదు. రామాంజనేయులు కూడా అంతే. క్లినిక్కులో చైనా నర్సమ్మ ఈ పేరు చూస్తే ఎక్కడ విరవాలో ఆమెకి ఎలా తెలుస్తుంది? వాళ్ల పేర్లు మామూలుగా మూడు అక్షరాలు, మూడు విడి ముక్కలు. అతుకు అనే బాధే లేదు. ఆమె ‘వెన్... కట్... ఎస్... వా...’ అని పిలుస్తుంటే పేరున్న మనిషి పక్క కుర్చీలోనే కూర్చుని వేరే ఎవరినో అనుకుంటాడు. మూడోసారి పిలిచి తర్వాతి వాణ్ని లోపలికి పంపించేస్తుంది.

ఇందులో ఆమె తప్పేం లేదు. పేరు రాయించేటప్పుడే అర్థం ఉన్న చోట విరిచి చెబితే మేలు. ‘వెంకట... ఈశ్వర... రావు’ అని నిదానంగా ఒకసారి పలికి చూపిస్తే చాలా మంది శ్రద్ధగా నేర్చుకుంటారు. రెండో చిక్కు కూడా ఉంది. ఒక గదిలో వెంకటరమణ, వెంకటరావు, వెంకటేశ్ ముగ్గురూ ఉంటారు. అందరినీ ‘వెంకట్’ అనే పిలుస్తారు. బుకిట్ కొండల కథే మళ్లీ! మందుల చీటీ, రక్తపరీక్ష కాగితం, జీతం చీటీ తీసుకునేటప్పుడు పేరొక్కటే చూడకండి. ఫిన్ నంబరు చివరి నాలుగు గుర్తులు కూడా సరిచూసుకోండి.

1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి సెరంగూన్ రోడ్డు మీదే ఉంది. అక్కడ అర్చన చేయించేటప్పుడు మన పేరు, గోత్రం అయ్యగారు ఎంత తేలిగ్గా పలుకుతారు! అక్కడ అతుకులు తెలిసిన నోరు ఉంది. బయట ప్రపంచంలో ఆ అతుకు మనమే చూపించాలి. అలాగే వాళ్ల మాటల్లోని అతుకు మనమే అడిగి తెలుసుకోవాలి. ఇంగ్లిషు రానివాళ్లం అని తల దించుకోవాల్సిన పనేం లేదు. కూరగాయలో ‘క’ ఎక్కడ ‘గ’ అవుతుందో పుట్టుకతో తెలిసిన చెవి మనది. దాన్ని కొంచెం నొక్కు వైపు తిప్పుకుంటే చాలు.

గుర్తుంచుకోండి

* ఇంగ్లిషు జంట మాటలో సాధారణంగా మొదటి ముక్క మీద నొక్కు. ‘దేనితో చేసింది’ అని చెప్పే మాటలో ఎక్కువగా రెండో ముక్క మీద.

* మలయ్ ఊరి పేర్లలో రెండో ముక్కే అసలు గుర్తు. దాన్ని మింగకండి.

* అంబులెన్సు, ఫైర్ కోసం 995. పోలీసు కోసం 999. ఆరంకెల పోస్టల్ కోడ్ ఒక్కో అంకెగా చెప్పండి.

* 13, 30... 15, 50... 18, 80... ఇలాంటివి విడి అంకెలుగా ముందు చెప్పండి. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి.

* అర్థం కాకపోతే తల ఊపకండి. ‘సే అగైన్’ అనండి. ఆ రెండు మాటలకి రెండు సెకన్లు చాలు.

(రచయిత సింగపూర్‌లో నిర్మాణ రంగంలో సూపర్‌వైజర్)